పావంగుళం చొప్పున

ఫిట్టింగ్ గదిలో ఫ్యాను వెయ్యరు. వేస్తే గుడ్డ కదులుతుంది, గుడ్డ కదిలితే సుద్దగీత కదులుతుంది. కటింగ్ మాస్టర్ ఆ మాట చెప్పినప్పుడు ఆమెకి ఇరవయ్యేడేళ్ళు, ఫ్యాను లేకపోతే ఏం పోయింది అనుకుంది. ఇప్పుడు యాభై. కాళ్ళ కింద అదే చెక్కపెట్టె, తొమ్మిదంగుళాల ఎత్తు, మూడు వైపులా మూడు అద్దాలు, ఒంటి మీద ఇంకా జిప్పు కుట్టని గౌను, నడుము చుట్టూ పదకొండు గుండుసూదులు. కంపెనీ నుంచి కొలతలావిడ పదకొండున్నరకి వస్తానంది, గోడ గడియారంలో పదకొండు దాటి ఐదు నిమిషాలు. కదిలితే సూది గుచ్చుకుంటుంది, కదలకపోతే మెడ వెనక నుంచి ఆ వేడి బయల్దేరుతుంది, బయల్దేరింది కూడా, చెవుల మీదుగా పాకి నుదుటి దాకా వచ్చి, ఎవరో వంటగదిలో మూత తీసి ఆవిరి మొహాన కొట్టినట్టు కొట్టి, అక్కణ్ణుంచి వీపు మధ్యలోకి దిగింది. చెమట గుడ్డకి అంటకూడదు. శాంపిల్ మీద మరక పడితే మళ్ళీ కుట్టాలి. ఆమె చేతులు రెండూ కాస్త దూరంగా పెట్టి, ఊపిరి మెల్లగా వదిలి, అద్దంలో కాకుండా అద్దం పైన గోడకేసి చూసింది. రెండు నిమిషాలు. ఎక్కువలో ఎక్కువ మూడు. లెక్కపెట్టుకుంటే పోతుంది, లెక్కపెట్టుకోకపోయినా పోతుంది, వేడి పోయాక వచ్చే చలి మాత్రం ఇంకాసేపు ఉంటుంది.

నిలబడ్డం ఒక ఉద్యోగమా అని పెళ్ళయిన కొత్తలో అత్తగారు అడిగింది. ఎలా చెప్పాలో అప్పుడు తెలియలేదు. ఈ ఫ్యాక్టరీలో కుట్టే ప్రతి బట్టా, లక్ష కుట్టేముందు ఒక్కటి కుట్టి ఆమెకి వేసి చూస్తారు. ఆమెకి సరిపోతే అది మీడియం. దాన్ని అట్ట మీద గీసి, ఆ అట్టలోంచి కాస్త తగ్గించి స్మాల్, కాస్త పెంచి లార్జ్. మీడియం కదిలితే అన్నీ కదులుతాయి. మొదట్లో ఆమె కింద హాల్లో దారాలు కత్తిరించే బల్ల దగ్గర ఉండేది, నలభై మంది ఆడవాళ్ళు, ఎవరి కత్తెర వాళ్ళది. ఒకరోజు మాస్టర్ మెడలో టేపు వేసుకుని బల్ల పొడుగునా నడుచుకుంటూ వచ్చాడు, ఎవరినీ నిలబడమనలేదు, కూర్చున్న వీపుల్ని చూసుకుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగి, "అమ్మాయ్, లే" అన్నాడు. దారం తప్పు కత్తిరించిందేమోనని భయపడింది. ఈ పెట్టె ఎక్కించాడు. టేపు పట్టినవాడు రాయకూడదు, పైకి చదవాలి, రాసేది ఇంకొకరు. ఎప్పుడో ఎవరో ముప్పై నాలుగు కొలిచి నలభై మూడు రాసుకుని వెయ్యి చొక్కాలు పాడుచేసినప్పట్నుంచీ అది ఇక్కడి నియమం. మాస్టర్ చదివాడు: చెస్టు ముప్పై ఆరు, నడుము ముప్పై, హిప్పు ముప్పై ఎనిమిది. రాసుకునే గుమస్తా పెన్ను ఆపి మీడియం కొలతల చార్టు తీసి చూశాడు. "దేవుడు మన చార్టు ముందు పెట్టుకుని చేశాడయ్యా ఈవిణ్ణి" అన్నాడు మాస్టర్, నోట్లో గుండుసూదులు ఉండగానే, పెదవుల సందులోంచి. ఆ మూడు అంకెలూ ఆమె ఇంటికెళ్ళేదాకా బస్సులో మననం చేసుకుంటూ వెళ్ళింది. పదో తరగతి మార్కులు కూడా ఆమెకి అంత బాగా గుర్తుండవు.

ఆ తరవాత ఆమెని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మీడియం వచ్చిందా, మీడియంకి టీ పంపండి, మీడియం సెలవులో ఉంది రేపు రమ్మనండి. ఆమెకీ బాగానే ఉండేది. బజార్లోనో బస్టాపులోనో ముందు నిలబడ్డ మనిషి భుజం కుట్టు చూసి, ఇది నా భుజం అనుకునేది. మెడ కింద ఎముక దగ్గర అరంగుళం వంపు ఉంటుంది, అది ఆమెదే, ఇంకెవరిదీ కాదు. బ్యాంకులో ఒకావిడ, ఆస్పత్రి వరండాలో ఇద్దరు, ఎదురుగా మెట్లు దిగుతూ ఫోన్లో గొడవపడుతున్న అమ్మాయి. వాళ్ళెవరికీ తెలియదు తాము ఎవరి ఒంట్లో తిరుగుతున్నారో. ఒకసారి మొగుడికి చూపించింది, అదుగో ఆ నీలం గౌను, అది నేను. ఆయన బస్సు డ్రైవరు, మనుషుల్ని వెనక అద్దంలో చూసే అలవాటు, తల తిప్పి చూసి, "నువ్వే బాగున్నావు, దానికి నడక రాలేదు" అన్నాడు. ఎన్నేళ్ళయిందో ఆ మాట అని. పదకొండో పన్నెండో. ఆ రోజు ఆయన చెయ్యి ఆమె నడుం మీదే ఉంది, సరిగ్గా ముప్పై దగ్గర, రోడ్డు దాటేదాకా తియ్యలేదు.

నలభై ఏడో ఏట నెలసరి ఒక నెల తప్పింది. తరవాతి నెల వచ్చి పన్నెండు రోజులు ఉంది. ఆ తరవాత ఇష్టం వచ్చినప్పుడు వచ్చింది, చుట్టం చూపుగా, చెప్పకుండా, చివరికి రావడం మానేసింది. ముప్పై మూడేళ్ళు తిట్టుకుంది దాన్ని, రాదని తెలిశాక బీరువా అడుగున మిగిలిన గుడ్డలు పారేయడానికి చేతులు రాలేదు. ఆ మధ్యలోనే ఎప్పుడో ఒళ్ళు వచ్చింది. ఎప్పుడని అడిగితే చెప్పలేదు. పిల్లల పళ్ళు ఎప్పుడు ఊడాయో చెప్పగలదు, నడుము ఎప్పుడు పోయిందో చెప్పలేదు. ఇంట్లో ఉన్న బట్టలు పట్టలేదు, నీళ్ళలో ఏదో ఉంది గుడ్డ కుంచించుకుపోతోంది అనుకుంది, నిజంగానే అనుకుంది, సబ్బు మార్చింది. రాత్రి భోజనం మానేసింది. పొద్దున్నే రెండు వీధులు నడిచింది. పిల్లలు తినగా మిగిలింది పారేయలేక నోట్లో వేసుకునే అలవాటు మానుకుంది, అది అన్నిటికన్నా కష్టమైంది. నోరు కట్టుకున్న నాలుగు నెలలకి చేతులు సన్నబడ్డాయి, మొహం పీక్కుపోయింది, నడుము మాత్రం ఉన్నచోటే ఉంది. డాక్టరమ్మ రక్తం చూసి, అన్నీ చూసి, "ఆగిపోయాక పొట్ట దగ్గర చేరుతుందమ్మా, మామూలే" అంది. మామూలే. అందరూ అదే మాట. మామూలైనదానికి ఇంత దుఃఖం ఎందుకో అడుగుదామనుకుంది, బయట ఇంకా పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు. ఇంటికొచ్చి చెబితే మొగుడు, "సరేలే, ఇక మా బస్సెక్కితే రెండు టికెట్లు కొట్టాలి" అన్నాడు. ఆయన నవ్వాడు, ఆమె కూడా నవ్వింది, కూతురు మాత్రం "నాన్నా" అంది. చెడ్డవాడు కాదు. రాత్రిళ్ళు ఆమె దుప్పటి తన్నేసి మళ్ళీ కప్పుకుని మళ్ళీ తన్నేస్తుంటే, తెల్లారి డ్యూటీ ఉందని ముందుగదిలో పడుకున్నాడు ఒకరోజు. ఒకరోజు రెండు రోజులయింది. ఎవరూ నిర్ణయించలేదు, ఎవరూ గొడవపడలేదు, పద్నాలుగు నెలలయింది. ఆయన దిండు గలీబు ఇప్పటికీ ఆమే ఉతుకుతుంది, ముందుగదిలో వేస్తుంది.

ఫ్యాక్టరీలో మాత్రం అన్నీ పట్టేవి. ఇంట్లో ఒక్క చొక్కా బొత్తాం పట్టదు, ఇక్కడ కొత్త శాంపిల్ వేస్తే నడుము దగ్గర వేలు దూరేంత వదులు, ఎప్పటిలాగే. ఇంటి అద్దానికి ఫ్యాక్టరీ అద్దానికి పడదేమో అనుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఒక ఏడాది తాగింది. ఆరు నెలలకోసారి ఒంటి కొలతల కాగితం నింపాలి, బట్టలు కుట్టించుకునే కంపెనీకి పంపాలి. రెండేళ్ళ కిందట ఒక ఉదయం గుమస్తా సెలవు, గదిలో ఇద్దరే. మాస్టర్ టేపు నడుము చుట్టూ తెచ్చి, ముందుకి వచ్చి, బొటనవేలితో పట్టుకుని చూశాడు. చదవలేదు. తరవాత టేపు తీసి వేళ్ళకి చుట్టుకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చుని, తనే పెన్ను తీసి, తనే రాశాడు. ముప్పై. టేపు పట్టినవాడు రాయకూడదు. ఆమె పెట్టె దిగి వచ్చి దాని కింద సంతకం పెట్టింది. తరవాత మూడు సార్లు టేపు తియ్యను కూడా లేదు, రాశాడు, ఆమె పెట్టింది. ఆ మధ్య ఒక మధ్యాహ్నం డబ్బా కడుక్కోవడానికి వెళుతూ స్టోరు తలుపు సందులోంచి చూసింది. మాస్టర్ పాత అట్టని కొత్త అట్ట మీద పరిచి, పెన్సిలుతో చుట్టూ గీస్తున్నాడు, నడుము దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు పాత అంచు వదిలి పావంగుళం బయటికి జరిగింది, తుంటి దాటాక మళ్ళీ అంచులోకి వచ్చింది. గీసి, కోసి, మూల మీద తేదీ వేశాడు. పాత అట్ట మీద ఉన్న తేదీయే వేశాడు. తలెత్తి ఆమెని చూశాడు. "తిన్నావా అమ్మాయ్?" అన్నాడు. "తిన్నాను మాస్టారూ" అంది. అంతే. సీజనుకి పావంగుళం, అటూ ఇటూ, ముందూ వెనకా. ఆమె ఒళ్ళు ఎంత జరిగితే అట్ట అంత జరిగింది. ఆమెని ఎవరూ ఏ అంకెలోనూ ఇంత గుట్టుగా దాచుకోలేదు. మొగుడి హాస్యాలకి నవ్వి పడుకున్న రాత్రుల్లో ఆమె ఆ పెన్సిలు గీత గుర్తుచేసుకునేది. అది ప్రేమ కాదు, ఆయనకి మనవలున్నారు, ఇరవై మూడేళ్ళలో ఒక్క మాట పొల్లు మాట్లాడలేదు. కాకపోతే ఏమిటో ఆమెకి తెలియదు. పేరు లేకపోయినా ఉన్నది ఉన్నట్టు ఉండేవి కొన్ని ఉంటాయి.

దుకాణాలవాళ్ళు ఊరుకుంటారా. మీ మీడియం మా లార్జ్ అంత ఉంది, అమ్మాయిలకి ప్యాంట్లు నడుము దగ్గర నిలవడంలేదు అని ఒక దుకాణం రాసింది, తరవాత నాలుగు రాశాయి. నిన్న సాయంత్రం మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. కుర్చీలు చూపించాడు, ఇద్దరూ కూర్చోలేదు. "రేపు కంపెనీనుంచి ఆవిడ వస్తోంది, ముందు మనిషిని కొలుస్తుంది, తరవాత అట్టల్ని. కొలత మారితే మనిషిని మారుస్తాం, దాన్లో తప్పేముంది, వయసు ఎవరికి రాదు. కొలత దాచారని తేలితే మాత్రం ఊరుకోను మాస్టారూ, మీరైనా సరే" అన్నాడు. మాస్టర్ తల ఊపాడు. ఇంకో నాలుగు నెలల్లో ఆయన ఉద్యోగం అయిపోతుంది. నలభై ఏళ్ళ సర్వీసు, ఒక్క అట్ట తప్పు పోలేదని చెప్పుకుంటారు. మెట్లు దిగేటప్పుడు ఆమె ఏదో అనబోయింది, ఆయన రెయిలింగు పట్టుకుని ముందు దిగుతూ వెనక్కి చూడకుండా, "పొద్దున్నే రా, గౌను గుచ్చాలి" అన్నాడు.

తలుపు తోసుకుని ఇస్త్రీ అక్క వచ్చింది, చేతిలో నీళ్ళ గ్లాసు, భుజాన తడిగుడ్డ. ఈ అంతస్తులో ఆమెకన్నా ముందు చేరింది ఇస్త్రీ అక్కొక్కతే.

"ఏమ్మా మీడియం, ఉడికావా?"

"ఇప్పుడే దిగింది."

"నాకు ఇస్త్రీ బల్ల దగ్గర వస్తే ఏది నా ఆవిరో ఏది పెట్టె ఆవిరో తెలిసేది కాదు. నోరు తెరువు." గ్లాసు పెదవులకి ఆనించి తాగించింది, వంగితే సూదులు గుచ్చుకుంటాయని తెలుసు. తడిగుడ్డతో మెడ వెనక అద్దింది. అద్దుతూ గొంతు తగ్గించి, "ఆ ముసలాయన స్టోర్లో అట్టలు తీసి మళ్ళీ పెడుతున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు. మొహంలో నెత్తురు లేదు. ఏం చేస్తారే ఇద్దరూ?" అంది.

"ఏం చేస్తాం, నిలబడతాను."

"ఆ, నిలబడు. అదొక్కటే కదా వచ్చు నీకు." నవ్వబోయి ఆగి, చేత్తో ఆమె బుగ్గ ఒకసారి తట్టి వెళ్ళిపోయింది.

తట్టిన చోట చల్లగా ఉంది. ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయిందో అని లెక్క వేయబోయి మానేసింది, ఒకసారి మొదలెడితే అది ఆగదు. మొన్న సెలవులకి కూతురు వచ్చినప్పుడు, హాస్టలుకి తిరిగి వెళ్ళే రోజున, బీరువాలోంచి పాత గౌను ఒకటి తీసి వేసుకుని వంటగది గుమ్మంలో నిలబడింది. "అమ్మా, ఇది నీదా? నువ్వు ఇంత ఉండేదానివా?" ఎక్కడా దారం వెయ్యక్కర్లేదు, భుజం భుజం దగ్గర, నడుము నడుము దగ్గర. ఆమె గిన్నె తోముతున్న చెయ్యి ఆపి చూసింది. కూతుర్ని చూస్తున్నానని అనుకుంది కానీ కూతుర్ని చూడలేదు, తలుపు తీసుకుని లోపలికి వచ్చిన తననే చూసింది, కదిలే బస్సులోంచి దిగి రెండు అంగల్లో ఫుట్‌పాత్ ఎక్కేదాన్ని, రోడ్డు దాటేటప్పుడు నడుం మీద చెయ్యి ఉన్నదాన్ని. దగ్గరికి పిలిచి, దాన్ని ముట్టుకుని, ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ అని అడగాలనిపించింది. "తీసుకెళ్ళు, నాకెందుకు" అంది. కూతురు సంచీలో పెట్టుకుంది. బీరువాలో హ్యాంగరు ఖాళీగా ఉంది, అది తియ్యలేదు. ఇప్పుడు ఈ పెట్టె దిగితే ఎక్కడికి వెళ్ళాలి. దారాల బల్లకే. అక్కడ కుర్చీ ఉంది, పని తెలుసు, జీతం కాస్త తగ్గినా బతకొచ్చు. ఇక్కడ ప్రతి మంగళవారం ఫిట్టింగులో ఒక మనిషి కళ్ళజోడు పెట్టుకుని, మరే పనీ లేనట్టు, భుజం నుంచి మడమ దాకా ఆమెని చూస్తాడు. ముడత వస్తే గుడ్డదే తప్పంటాడు, ఒంటిని ఎప్పుడూ అనడు. ఆ బల్ల దగ్గర నలభై మంది వీపులు వంచి కూర్చుంటారు, ఎవరూ ఎవర్నీ చూడరు. పోనీ ఆయన ఇవాళ కూడా ముప్పై అంటే, ఆవిడ నమ్మి రాసుకుపోతే, ఇంకో నాలుగు నెలలు. నాలుగు నెలల్లో పదహారు మంగళవారాలు. పదహారు కావాలని ఆమెకి ఎంత ఉందంటే, తనకి తెలియకుండానే తలుపు కేసి ఒరిగితే నడుం దగ్గర సూది ఒకటి గుచ్చుకుంది.

పదకొండు ముప్పై అయిదుకి కొలతలావిడ వచ్చింది, వెనక మాస్టర్. ఆవిడకి ముప్పై అయిదుండొచ్చు, చేతిలో ఫైలు, మెడలో కొత్త టేపు. నమస్కారం పెట్టింది, ఆలస్యమైందని చెప్పింది, గౌను విప్పి పల్చటి లోపలి గౌనుతో నిలబడమంది. సూదులు ఒక్కొక్కటే మాస్టర్ తీశాడు, పదకొండూ. "మీరు కొలవండి మాస్టారూ, పైకి చదవండి, నేను రాసుకుంటాను" అంది ఆవిడ, తన టేపు తీసి ఆయనకిచ్చి స్టూలు మీద కూర్చుంది.

భుజం, పదిహేను. చెయ్యి, ఇరవై రెండున్నర. మెడ, పద్నాలుగు. ఎముకలు మాట తప్పలేదు. చెస్టు ముప్పై ఏడు. "ఒక అంగుళం పరవాలేదు" అంది ఆవిడ రాస్తూ. మాస్టర్ చేతులు కిందికి వచ్చాయి. రెండేళ్ళయింది ఆ చేతులు టేపుతో అక్కడికి వచ్చి. వెనక నుంచి తెచ్చి, ముందు కలిపి, బొటనవేలు పెట్టాడు. నుదుటి మీద చెమట, ఆమెది కాదు, ఆయనది. అద్దంలో మూడు వైపులా ఆయన బట్టతల కనిపిస్తోంది.

"ముప్పై" అన్నాడు.

పెన్ను కాగితం మీద ఆగింది. కొలతలావిడ తలెత్తింది. కొలతలు తియ్యడమే ఆవిడ పని, ఆవిడకి కళ్ళున్నాయి. ఆవిడ లేచి రావడానికి స్టూలు వెనక్కి జరుగుతున్న చప్పుడు మొదలైంది. వచ్చి టేపు చూస్తే అయిపోతుంది. మారిన కొలత కాదు, దాచిన కొలత అవుతుంది, నలభై ఏళ్ళూ ఆ ఒక్క అంకెకి పోతాయి. పదహారు మంగళవారాలు.

"ముప్పై ఆరమ్మా, రాసుకోండి" అంది ఆమె.

ఆ అంకె ఇంతవరకూ తన నోటితో అనలేదు, ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు కూడా అనలేదు. అన్నాక గదిలో ఏదీ పడిపోలేదు. "మాస్టారికి చత్వారం, ఒక్కోసారి అంకె ఆనదు. ఆ పాత కాగితాల మీదా ముప్పై అని చెప్పింది నేనే, సంతకాలూ నావే ఉంటాయి చూడండి. నాకే చెప్పబుద్ధి కాలేదు" అంది.

కొలతలావిడ మాస్టర్ వంక చూసింది. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. ఆమె వంక చూసింది. స్టూలు ముందుకి లాక్కుని కూర్చుంది.

"ముప్పై ఆరు" అని తనే పైకి అనుకుంటూ రాసింది. "అట్టలు భోజనాలయ్యాక చూస్తాను. సోమవారం నుంచి ఇంకో అమ్మాయిని చూసుకోండి మాస్టారూ. హిప్పు?"

మాస్టర్ వెంటనే కదల్లేదు. నడుము దగ్గర టేపు ఇంకా పట్టుకునే ఉన్నాడు. "అమ్మాయ్, బిగించానా?" అన్నాడు, ఆవిడకి వినపడనంత మెల్లగా.

"లేదు మాస్టారూ."

ఆయన టేపు వదులు చేసి, వంగి, తుంటి మీదుగా వెనక్కి పంపి, అటు చేత్తో అందుకుని చుట్టూ తేవడం మొదలుపెట్టాడు. ఆమె నేర్చుకున్నట్టే నిలబడింది, చేతులు కాస్త దూరంగా, మడమలు కలిపి, ఊపిరి బిగపట్టకుండా. కొన్నేళ్ళుగా ఒక్కొక్క అంగుళం తగ్గాలని ఆమె మొక్కుకోని రోజు లేదు. టేపు అటు తిరిగి ఇటు వచ్చి ఆయన రెండు చేతులూ ముందు కలిసేలోపు, ఈ ఒళ్ళు ఇంకా కాస్త వెడల్పుగా ఉంటే బాగుండును, ఈ చుట్టు ఇంకాసేపు పట్టును, అనుకుంది.